ఎర్ర ఈనె జొన్న – పద్నాలుగో భాగం: పిలకలు

రోశమ్మ గేదెలు రెండూ నిన్న సాయంత్రం కొట్టం ముందే కాళ్ళు తన్నుకుని చచ్చిపోయాయి. వాటి నోటి నురగ ఆరకముందే ఊరు తీర్పు చెప్పేసింది. చంపింది ఎర్ర ఈనె జొన్న అని. ఆ జొన్నను ఊళ్ళోకి తెచ్చింది పరిశోధనా కేంద్రంలో పనిచేసే ఫాయిజా, నమ్మి మడిచ్చింది రోశమ్మ. అందుకని తెల్లారేసరికి రోశమ్మ కొడుకు కోటేశ్వర్లు విత్తనపు మడిని దున్నేయడానికి రొటావేటర్ బిగించిన ట్రాక్టరును గట్టుమీద నిలబెట్టాడు. కబురందుకుని ఫాయిజా మాచర్ల బస్సులో గట్టుకిందపాలెంలో దిగింది. మనుషులకు మొహం చూపించే ముందు చేను ఒకసారి చూసుకుందామని మిరప చేల మధ్య నుంచి అడ్డదారి పట్టింది. మడి వెనక్కి చేరేసరికి ఎవరో చెయ్యి పట్టుకుని ఆపారు. పోయినవారం మనం ఆమెను అక్కడే వదిలాం.

పట్టుకున్నది రోశమ్మ కోడలు చందన. కాపురానికొచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. రాత్రంతా ఏడ్చినట్టుంది, మొహం ఉబ్బిపోయి ఉంది.

"అక్కా, అటు వెళ్ళకండి," అంది.

వెళ్ళొద్దన్న వైపుకే మనిషి చూపు పోతుంది. ఫాయిజా చూసింది. విత్తనపు మడికి అవతల, మేత కోసం అదే ఎర్ర ఈనె జొన్న వేసిన పట్టె ఉంది. అందులో జొన్నను పూతలోనే కోసి గొడ్లకు వేశారు. మోళ్ళు మిగిలాయి. ఆ తర్వాత వాన లేక నేల నెర్రెలు విచ్చింది. మొన్నామధ్య అకాలంగా నాలుగు చినుకులు పడేసరికి మోళ్ళ మొదళ్ళలోంచి పిలకలు లేచాయి. మూరెడు ఎత్తు కూడా లేవు గానీ చూడటానికి నిగనిగలాడుతూ, మనిషికే నోరూరేటంత లేతగా ఉన్నాయి. పట్టె ఈ చివర అవి ఉన్నాయి. ఆ చివర లేవు. కొడవలితో శుభ్రంగా కోసేసి ఉంది.

ఫాయిజా ఇంకేమీ అడగక్కర్లేకపోయింది. పల్నాడులో పుట్టినవాళ్ళెవరూ అడగక్కర్లేదు. బెట్టకు ఎండిన జొన్న మోడు మీద వచ్చే లేత పిలకలో విషం ఉంటుంది. దాన్నే నాము అంటారు. కడుపునిండా తిన్న గొడ్డు వైద్యుడు వచ్చేదాకా ఆగదు. ఇక్కడి పిల్లలు అక్షరాలు రాకముందే ఈ సంగతి నేర్చుకుంటారు. పిలకలు లేచిన చేలోకి మేక పోయిందంటే, బడికి పోయే పిల్ల కూడా సంచీ దారిలో పారేసి దాన్ని తోలుకొస్తుంది.

"నువ్వా కోసింది?"

చందన తలూపింది. "మా అత్త మిరపకోతకి వెళ్తా, వామిలో చొప్ప అయిపోవచ్చింది, గొడ్లకి పచ్చిది ఏదో ఒకటి కోసి వెయ్యమంది. ఇదే పచ్చగా కనపడిందక్కా. మా రేపల్లె దగ్గరంతా వరే. ఏడాది పొడుగునా గొడ్లకి వరిగడ్డే. అసలు జొన్న చేను నేను పెళ్ళయ్యాకే చూశాను."

"ఇంట్లో చెప్పావా?"

"లేదు. మీరూ చెప్పకండి. చెప్తే నేను ఈ ఇంట్లో బతకలేను."

జాలి వేయాల్సిన చోటు ఇది. ఫాయిజాకూ వేసింది, కాస్త ఆలస్యంగా వేసింది. ముందు మాత్రం ఆమెకు కలిగింది సంతోషం. తప్పు నా జొన్నది కాదు, ఏ జొన్న పిలకైనా చంపేదే అని గుండె ఎగిరి గంతేసింది. ఎదురుగా ఒక ఆడపిల్ల వణికిపోతుంటే తన లోపల అలాంటిది లేచినందుకు ఆమెకు వెంటనే సిగ్గు కూడా వేసింది. అయినా సంతోషం పోలేదు.

అంతగా సంతోషపడటానికి కారణం ఉంది. జొన్న కాడ ముదిరేకొద్దీ అందులో లిగ్నిన్ అనేది పేరుకుంటుంది. కాడ గాలికి నిలబడేది దానివల్లే, గొడ్డు ఎంత నెమరేసినా అరగనిదీ దానివల్లే. ఆ లిగ్నిన్ తగ్గిన జొన్నకు ఆకు నడిమి ఈనె తెల్లగా ఉండదు, ఎరుపు తిరిగిన గోధుమరంగులో ఉంటుంది. అదే ఎర్ర ఈనె జొన్న. మేత మెత్తన, పాలు ఎక్కువ. చిక్కల్లా ఒకటే, చిన్న గాలికే చేనంతా పడుకుంటుంది. గట్టిదనం తీస్తే నిలబడదు, ఉంచితే అరగదు. ఈ రెంటి మధ్యనే ఫాయిజా వయసు కరిగిపోయింది. సంకరం చేయడం, మడి వేయడం, గాలివాన తర్వాత వెళ్ళి నేలకంటుకున్న చేనును చూసి రావడం. "మెకానిక్ దావూద్ కూతురు తను పెళ్ళి మానుకుని గడ్డికి పెళ్ళిళ్ళు చేస్తందంట," అని గురజాల బజారులో నవ్వుకున్నారు. ఆ నవ్వులు ఆమె తండ్రి చెవినీ పడ్డాయి, ఆమె చెవినీ పడ్డాయి.

చివరికి ఒక్క రకం నిలబడింది. మెత్తగా ఉంటూనే గాలిని తట్టుకుంది. వేరే జొన్న పుప్పొడి సోకకూడదని మిరప చేల నడుమ రోశమ్మ మడిలో వేయించింది. పరిశోధనా కేంద్రంలో వేసిన చేను తుఫాను నీళ్ళలో కుళ్ళిపోయింది. రైతులు వేసిన చేలన్నీ గింజ పట్టకముందే, పూతలోనే మేతకు కోసేశారు. ఇప్పుడు ఆ విత్తనం లోకంలో ఉన్నదల్లా ఈ మడిలోనే, ఇంకా పచ్చి ఆరని కంకుల్లోనే. ఇది పోతే వెనక్కి వెళ్ళి మొదలుపెట్టడానికి ఆమెకు ఓపిక మిగల్లేదు. ఓపిక ఉన్నా పైవాళ్ళు మరో అవకాశం ఇవ్వరు.

గట్టు అవతల ట్రాక్టరు ఒకసారి గుర్రుమని ఆగింది.

"చెప్పను," అంది ఫాయిజా. ఆ క్షణాన నిజంగానే చెప్పకూడదనుకుంది.

గట్టుమీద ఊరు సగం ఉంది. నిప్పంటుకున్న ఇంటికి ఇంతమంది రారు గానీ, చదువుకున్న మనిషికి నలుగురిలో తలవంపు జరుగుతుందంటే కోతలు మానుకుని వస్తారు. రోశమ్మ గట్టుమీద కూచుని ఉంది. ఆమె ఒళ్ళో చచ్చిన గేదెల పలుపులు ఉన్నాయి. చచ్చిన బర్రె కడివెడు పాలిచ్చేదని ఎగతాళి చేస్తారు. రోశమ్మ గేదెల గురించి ఎవరూ ఆ సామెత ఎత్తలేదు. ఈ మేత మొదలుపెట్టాక అవి బతికుండగానే అన్ని పాలిచ్చాయి, పాలకేంద్రంలో అందరూ చూశారు.

"వచ్చావా అమ్మాయ్," అంది రోశమ్మ. "రా. కడసారి చూసుకో నీ చేను."

"పెద్దమ్మా, ఒక్క మాట వినండి."

"నీ మాట వినే గదా ఏసింది. ఊరంతా వద్దంటే నేను విన్నానా? సాయిబుల పిల్ల మన గొడ్ల కోసం ఎండల్లో పడి తిరగతంది, ఒక మడిస్తే మన సొమ్మేం పోయిద్దని నేనే ఇచ్చా. ఈళ్ళందరి చేతా నేనే ఏయించా. ఇప్పుడు ఈళ్ళందరి మొహం నేను చూడాలి, నువ్వు బస్సెక్కి పోతావు."

ఫాయిజా గొంతు సవరించుకుంది. "ఈ మడిలో జొన్న తిని కాదు పెద్దమ్మా గొడ్లు పోయింది. కంకి పట్టిన జొన్నలో నాముండదు. మీకు తెలవని సంగతి కాదు. గొడ్లు తిన్నది పిలకలు."

రోశమ్మ ఆమె వంక తేరిపార చూసింది.

"పిలకలా? నా కొట్టంలోకి పిలకలు ఎట్టా వస్తయ్యి? పేడెత్తి పేడెత్తి నా జుట్టు నెరిసింది. పిలక కోసి గొడ్డుకేసే మనిషి పల్నాడులో ఉంటదా? పిచ్చిది గూడా ఎయ్యదు. నీ మడి నిలుపుకోడానికి తప్పు నా ఇంటి మీదకి తోస్తన్నావా?"

"సదువుకున్నోళ్ళు ఎప్పుడన్నా తప్పొప్పుకున్నారా?" అని వెనకనుంచి ఒక ముసలాయన సన్నగా అన్నాడు. నలుగురు నవ్వారు.

"అటు పట్టె చూడండి. కోసిన మోళ్ళు కనపడతన్నయ్యి," అంది ఫాయిజా.

"రాత్రికి రాత్రి ఎవురైనా కొయ్యొచ్చు," అన్నాడు కోటేశ్వర్లు ట్రాక్టరు మీద నుంచే. చెడ్డవాడు కాదు. తల్లి కళ్ళముందు గేదెలు తన్నుకుంటుంటే ఏమీ చెయ్యలేకపోయిన కోపం అతనిది, దాన్ని ఎక్కడో ఒకచోట దించుకోవాలి. "మేడం, పిలకలు కోశారంటన్నావు. ఎవురు కోశారో పేరు చెప్పు. చెప్తే బండి ఆపేస్తా. చెప్పలేకపోతే పక్కకి జరుగు."

ఫాయిజా చూపు తనకు తెలియకుండానే ఆడవాళ్ళ వైపు పోయింది. చందన అందరికంటే వెనక నిలబడి ఉంది. పైటకొంగు నోట్లో కుక్కుకుని ఆమెనే చూస్తోంది.

ట్రాక్టరు మొదలైంది. రొటావేటర్ పళ్ళు కిందికి దిగి, మడి అంచున మట్టిని ఒకసారి గీరి, తిరగడం మొదలుపెట్టాయి. మొదటి సాలులో కంకులు గాలికి ఊగుతున్నాయి. అంత గాలికీ ఒక్క కాడ వంగలేదు.

"చందన కోసింది," అంది ఫాయిజా.

నోరు జారిందని తర్వాతెప్పుడైనా ఆమె తనకు తాను సర్దిచెప్పుకోవచ్చు. కానీ జారలేదు. తెలిసే అంది. ఆ మడికీ ఈ పిల్లకీ మధ్య ఒకదాన్ని ఎంచుకుంది.

కోటేశ్వర్లు బండి ఆపేశాడు. మాట మీద నిలబడ్డాడు పాపం. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. జనం పక్కకు తొలిగారు. చందన ఒక్కతే మిగిలింది. కోటేశ్వర్లు దిగి, పెద్ద అంగలేస్తూ వచ్చి చెయ్యెత్తాడు.

"చెయ్యి దించరా," అంది రోశమ్మ. "ముందు నన్ను అడగనీ. ఏమే, నువ్వేనా?"

"నేనే అత్తా."

"ఎవురు కొయ్యమన్నారే నిన్ను?"

"మీరే అత్తా. పచ్చిది ఏదో ఒకటి కోసి వెయ్యమన్నారు."

ఎవరో కిసుక్కుమని నవ్వబోయి రోశమ్మ మొహం చూసి మానేశారు. తను ఆ మాట అన్నదని రోశమ్మకు గుర్తుకొచ్చింది. అది ఆమె కళ్ళలో తెలిసింది.

"ఏదో ఒకటంటే ఇదా? నాముంటదని తెలవదా నీకు? వరి తప్ప తెలవని కాలవ ఊళ్ళ పిల్లని తెచ్చుకున్నా, నా ఖర్మ."

"నామంటే ఏంటో నాకు తెలీదత్తా," అంది చందన. ఇప్పుడు ఏడవడం లేదు. అందరికీ తెలిసిపోయింది గనుక ఇంక ఏడవాల్సిన పని లేకపోయింది. "ఆ మాట నేను ఫోన్లోనే మొదటిసారి విన్నా. అడక్కుండా కొయ్యలేదు. మీరు ఫోన్ ఇంట్లో పెట్టి కోతకెళ్ళారు. ఎవరినడగాలో తెలీక, మీ ఫోన్లో పాడి ఆడోళ్ళ గ్రూపుంది కదా, అందులో ఈ జొన్న గురించి ఏమన్నా చెప్పారేమో అని వెతికా. ఉంది. విన్నాకే కోశా."

"ఎవురు చెప్పారంట?"

చందన ఫాయిజా వైపు తిరిగింది. ఆ చూపులో పగ లేదు. ఉంటే బాగుండుననిపించింది ఫాయిజాకు.

"మీ పేరు రాకూడదనుకున్నానక్కా," అంది చందన. "అందుకే మీక్కూడా చెప్పలేదు."

ఆమె తన చేతిలో ఉన్న అత్త ఫోను తెరిచి వేలితో నొక్కింది. బస్సు హారను మధ్య నుంచి ఒక గొంతు వచ్చింది. హుషారుగా, నవ్వుతూ, పని బాగా జరుగుతున్న మనిషి గొంతు.

"రోశమ్మ పెద్దమ్మా, అందరూ అడుగుతున్నారుగా, ఈ జొన్నలో నాముంటదా అని. ఏం భయం లేదు. ఎర్ర ఈనె జొన్న పచ్చిదే కోసి ధైర్యంగా వెయ్యండి. కడుపునిండా వెయ్యండి. పాలు ఎట్టా పెరుగుతయ్యో మీరే నాకు చెప్తారు."

ఫాయిజాకు అంతా గుర్తొచ్చింది. పిడుగురాళ్ళ బస్టాండులో, కిటికీ పక్కన కూచుని పంపిన మాట అది. అప్పుడు అందరి చేలూ నిండు పూతలో ఉన్నాయి. అడిగినవాళ్ళు అడిగింది ఆ పూత మీదున్న చేను గురించే, ఆమె చెప్పింది ఆ చేను గురించే. అందులో ఒక్క అబద్ధం లేదు. పిలకలు మాత్రం ముట్టుకోవద్దని ఆమె చెప్పలేదు. మరిచిపోయి కాదు, చెప్పాలని తోచనే లేదు. పల్నాడు ఆడవాళ్ళకు పిలక గురించి చెప్పడమంటే, వాళ్ళకు పొయ్యి కాలుతుందని చెప్పడమే. నవ్వుతారు. పుట్టినప్పటినుంచీ తెలిసిన సంగతిని ఎవరూ నోటితో అనరు. పూత పోయింది, కోత అయింది, బెట్ట వచ్చింది, చినుకు పడింది. మాట మాత్రం ఫోన్లో అలాగే ఉండిపోయింది. దాన్ని రేపల్లె నుంచి వచ్చిన పిల్ల ఒకనాడు వింటుందని ఆమెకు తట్టలేదు. లిగ్నిన్‌కూ నాముకూ సంబంధం లేదని, ఒకటి తగ్గించినంత మాత్రాన రెండోది పోదని ఎన్ని సభల్లో మాట్లాడిందో. ఆ సభల్లో రైతులెవరూ లేరు.

"ఆ గొంతు ఎవురిది అమ్మాయ్?" అంది రోశమ్మ.

"నాదే పెద్దమ్మా."

"అందులో పిలక మాట చెప్పావా?"

"చెప్పలేదు. మీకు తెలుసనుకున్నా."

"నాకు తెలుసు." రోశమ్మ లేచి నిలబడింది. పలుపులు చేతిలోనే ఉన్నాయి. "తెలిసీ దీనికి నేను చెప్పలా. నువ్వూ చెప్పలా. తెలిసిన ముండలం ఇద్దరం నోరు మూసుకున్నాం. ఇదిగో, నీ పేరు రాకూడదని ఇది నోరు మూసుకుంది. ఊరి ముందు దీని పేరు చెప్పటానికి మాత్రం నీకు నోరొచ్చింది."

ఇన్నాళ్ళూ ఫాయిజా గాలికి పడని జొన్న కోసం వెతికింది గానీ, తను ఎంత సులువుగా పడిపోతుందో ఇవాళే చూసుకుంది.

కోటేశ్వర్లు మెల్లగా ట్రాక్టరు వైపు నడిచాడు. ఎక్కి కూచుని తల్లి వంక చూశాడు. రోశమ్మ అవుననలేదు, కాదనలేదు.

"చంపింది జొన్న గాదు, మాటంటావు," అన్నాడు ఫాయిజాతో. "రెండూ నీ దగ్గర్నించే వచ్చినయ్యి మేడం. ఇంక నీ జొన్నా వద్దు, నీ మాటా వద్దు."

ట్రాక్టరు మళ్ళీ మొదలైంది. ఫాయిజా మడిలోకి అడుగేసింది. మొదటి సాలుకు అడ్డంగా నిలబడితే తన మీదుగా తోలడు. అంతటి మొండి ధైర్యం అతనికి లేదని ఆమెకు తెలుసు. అడ్డం నిలబడదామనే అనుకుంది.

"అక్కా," అంది చందన వెనకనుంచి. గొంతు మారింది. "ఇంకోటి ఉంది. నిన్న మధ్యాహ్నం క్రోసూరు నుంచి శ్రీదివ్య వదిన ఫోన్ చేసింది."

శ్రీదివ్య రోశమ్మ కూతురు. అమ్మ దగ్గర విత్తనం తీసుకుని క్రోసూరులో తన చేలోనూ ఎర్ర ఈనె వేసింది.

"తన చేలో గూడా పిలకలొచ్చాయంట. మామూలు జొన్నయితే ముట్టుకోను, ఎర్ర ఈనె దానికి నాముంటదా ఉండదా, అమ్మనడిగి చెప్పు అంది. అత్త లేదు. అందుకని మీ గొంతే పంపించా. విని, సరే, రేపు పొద్దున కోస్తానంది."

"రాత్రి దానికి చెప్పలేదే," అంది రోశమ్మ. ఎవరితో అంటోందో ఆమెకే తెలియదు. "గొడ్లు పోయినయ్యంటే నిద్రపోదు, తెల్లారాక చెబుదామని నేనే వద్దన్నా."

ఫాయిజా చందన చేతిలోంచి ఫోను లాక్కుంది. గీత లేదు. ఈ పల్లంలో ఫోన్లు పలకవు. సిగ్నల్ కావాలంటే రోడ్డు పక్కన నాపరాళ్ళ దిబ్బ ఎక్కాలి. దిబ్బ వెనక ఉంది, ట్రాక్టరు ముందుంది.

ఆమె దిబ్బ వైపు పరిగెత్తింది.

వెనక రొటావేటర్ చప్పుడు మారింది. గాల్లో తిరిగే చప్పుడు వేరు, కాడల్ని నమిలే చప్పుడు వేరు. మెకానిక్ కూతురికి ఆ తేడా ఒకరు చెప్పక్కర్లేదు. మొదటి సాలు పోయింది. మలుపు తిరిగే చోట కాస్త తేలికపడింది, మళ్ళీ బరువెక్కింది. రెండో సాలు. ఆమె వెనక్కి చూడలేదు. అదేదో త్యాగమని కాదు, చూస్తే కాళ్ళు ఆగిపోతాయని భయం. రోశమ్మ కూడా చీర పైకి దోపుకుని రొప్పుతూ ఆమె వెనకే వస్తోంది.

దిబ్బ మీదికి ఎక్కేసరికి ఫోన్లో గీతలు వచ్చాయి. ఫాయిజా నొక్కింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. రోశమ్మ వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుని నిలబడింది. కింద ట్రాక్టరు ఉందన్న సంగతి కూడా ఆ కాసేపు ఫాయిజా చెవికి ఎక్కలేదు.

అవతల ఫోను ఎత్తారు.

"ఏందమ్మా, పొద్దున్నే ఇన్నిసార్లు," అంది శ్రీదివ్య. చేతులు తుడుచుకుంటూ మాట్లాడుతున్నట్టుంది, గొంతు తేటగా, తృప్తిగా ఉంది. "మేడం చెప్పింది విన్నాలే. ఇప్పుడే కోసుకొచ్చి కడుపునిండా ఏశా. ఎగబడి తింటన్నయ్యమ్మా."